కానన్‌బాల్ ఆడర్లీ లైవ్ రికార్డుల్లో ముందు ఏది?

జాజ్‌లో హార్డ్ బాప్ అనే పద్ధతి వినడం మొదలుపెట్టి, ఆల్టో శాక్సఫోన్ నచ్చి, మంచి లైవ్ రికార్డు ఒకటి కావాలని వెతికేవాళ్లు దాదాపు అందరూ అమెరికన్ ఆల్టో వాద్యకారుడు కానన్‌బాల్ ఆడర్లీ దగ్గరికే చేరతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. 1959 నుంచి 1966 దాకా ఆయన పేరు మీద లైవ్ రికార్డులు వరసగా వచ్చాయి. అన్నిట్లోనూ తమ్ముడు నాట్ ఆడర్లీ కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న వాయిద్యం) పట్టుకుని పక్కనే ఉంటాడు. అన్నిట్లోనూ బ్లూస్ ఉంటుంది, చప్పట్లుంటాయి, మధ్యమధ్యలో కానన్‌బాల్ మాటలుంటాయి. అట్ట మీద ఊరి పేరు తప్ప తేడా ఏమిటో కొత్తవాళ్లకి అంతుపట్టదు.

ఈ రికార్డుల్లో కానన్‌బాల్ ఆల్టో పెద్దగా మారదు. 1963 దాకా బేస్ మీద శామ్ జోన్స్, డ్రమ్స్ మీద లూయిస్ హేస్ కూడా మారరు. మారేది పియానో ముందు కూర్చున్న మనిషి. 1959లో బాబీ టిమ్మన్స్, 1960లో విక్టర్ ఫెల్డ్‌మన్, 1961 నుంచి జో జావినుల్. ఎవరుంటే వాళ్ల సొంత ట్యూన్లే ఆ రికార్డుకి రంగునిచ్చాయి. కాబట్టి ఊరిని బట్టి, పేరును బట్టి కాకుండా పియానిస్టుని బట్టి ఎంచుకుంటే సగం తికమక పోతుంది.

## కొంచెం నేపథ్యం

కానన్‌బాల్ అసలు పేరు జూలియన్ ఆడర్లీ. 1928లో ఫ్లోరిడాలోని టాంపాలో పుట్టాడు. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో హైస్కూలు బ్యాండ్ మాస్టారుగా పనిచేశాడు. 1955లో న్యూయార్క్ వచ్చి కఫే బొహీమియా క్లబ్బులో బేస్ వాద్యకారుడు ఆస్కార్ పెటిఫర్డ్ బృందంతో కలిసి వాయించిన తర్వాత ఆ ఊళ్లో పేరు మారుమోగింది. అయినా తమ్ముడితో కలిసి పెట్టిన మొదటి క్వింటెట్ (అయిదుగురి బృందం) డబ్బు గిట్టక 1957లో మూతపడింది. తర్వాత రెండేళ్లు ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ దగ్గర; ఆయన రికార్డు 'కైండ్ ఆఫ్ బ్లూ'లో ఆల్టో ఈయనదే. 1959లో అక్కడినుంచి బయటికొచ్చి రెండో క్వింటెట్ పెట్టాడు. ఆ అక్టోబరులోనే మొదటి లైవ్ రికార్డు. ఈసారి బృందం నిలబడాలి, జనం రావాలి అన్న పట్టుదల ఆ రికార్డులో వినిపిస్తుంది.

హార్డ్ బాప్ అంటే బీబాప్ (1940ల నాటి వేగమైన జాజ్) వేగానికీ, దాని కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) చిక్కుదనానికీ బ్లూస్‌నీ, నల్లజాతి చర్చి పాటనీ కలిపిన పద్ధతి. 1950ల మధ్యలో నిలదొక్కుకుంది. ట్యూను ఒకసారి, దాని కార్డుల వరస మీద ఒక్కొక్కరి సోలో, మళ్లీ ట్యూను. పల్లవి ఎత్తుకుని, కల్పనస్వరాలు వేసి, మళ్లీ పల్లవికి రావడం తెలిసినవాళ్లకి ఈ కట్టుబాటు వెంటనే పట్టుబడుతుంది. రాగం ఒక్కటే నిలవడం బదులు ఇక్కడ అడుగున కార్డులు తిరుగుతుంటాయి, అంతే.

మన దగ్గర చాలామందికి ఆల్టో శాక్సఫోన్ గొంతు కద్రి గోపాలనాథ్ వాయించిన త్యాగరాజ కృతుల ద్వారానే పరిచయం. వాయిద్యం అదే, వాడకం వేరు. కద్రి వాద్యంలో స్వరం నుంచి స్వరానికి జారుడు ముఖ్యం. కానన్‌బాల్ ప్రతి స్వరాన్నీ నాలుకతో విడగొట్టి గుండ్రంగా, లావుగా పలికించి, పాదం చివర మాత్రమే వంపు పెడతాడు. గమకం కోసం చెవులు రిక్కించి వింటే మొదట నిరాశ కలగొచ్చు. లయ మీద చెవి పెట్టండి.

## ఏమేం చూసి ఎంచుకోవాలి

పియానిస్టు సంగతి చెప్పాం. రెండోది ఊదే వాయిద్యాలు ఎన్ని అన్నది. ఆల్టో, కార్నెట్ రెండే ఉంటే క్వింటెట్. సోలోలకి చోటు ఎక్కువ, ట్యూను సూటిగా ఉంటుంది. మూడో మనిషి చేరితే సెక్స్‌టెట్. రాసిపెట్టుకున్న అమరిక ఎక్కువవుతుంది, బిగ్ బ్యాండ్ అనే పెద్ద జాజ్ బృందానికి చిన్న రూపంలా మోగుతుంది.

మూడోది ట్యూను నిడివి. 12 నిమిషాల ట్యూను కూర్చుని వినగలరా, అయిదు నిమిషాలకే చెయ్యి ఫోను మీదికి పోతుందా? ఈ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. నాలుగోది మాటలు. కానన్‌బాల్ మైకు ముందు మాస్టారే: ట్యూను ఎవరు రాశారు, ఎందుకలా నడుస్తుంది అని వివరిస్తాడు, మధ్యలో చురకలేస్తాడు. కొందరికి ఇదే అసలు రుచి. రోజూ వినేవాళ్లకి అయిదోసారికి విసుగు.

ధ్వని నాణ్యత చివర చూసుకోవాలి. ఇవన్నీ వినదగ్గ రికార్డులే. గదిలో ఉన్నట్టు అనిపించడం కావాలా, ప్రతి వాయిద్యం తేటగా వినబడడం కావాలా అన్నదే తేల్చుకోవాల్సింది.

| రికార్డు | ఎప్పుడు | ఎక్కడ | పియానో | బృందం | పొడవైన ట్యూను |
|---|---|---|---|---|---|
| ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో | 1959 అక్టోబరు 18, 20 | జాజ్ వర్క్‌షాప్, శాన్ ఫ్రాన్సిస్కో | బాబీ టిమ్మన్స్ | అయిదుగురు | సుమారు 12 నిమిషాలు |
| ఎట్ ద లైట్‌హౌస్ | 1960 అక్టోబరు 16 | లైట్‌హౌస్, హెర్మోసా బీచ్ | విక్టర్ ఫెల్డ్‌మన్ | అయిదుగురు | సుమారు 11 నిమిషాలు |
| సెక్స్‌టెట్ ఇన్ న్యూయార్క్ | 1962 జనవరి 12, 14 | విలేజ్ వాన్‌గార్డ్, న్యూయార్క్ | జో జావినుల్ | ఆరుగురు | సుమారు 12 నిమిషాలు |
| నిప్పాన్ సోల్ | 1963 జులై 14, 15 | శాంకే హాల్, టోక్యో | జో జావినుల్ | ఆరుగురు | సుమారు 13 నిమిషాలు |
| మెర్సీ, మెర్సీ, మెర్సీ! | 1966 అక్టోబరు 20 | అట్ట మీద చికాగో. నిజానికి హాలీవుడ్ స్టూడియో | జో జావినుల్ | అయిదుగురు | సుమారు 10 నిమిషాలు |

## ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో: వేడి కావాలంటే

రికార్డు కానన్‌బాల్ మాటలతోనే మొదలవుతుంది. తర్వాత 'దిస్ హియర్'. టిమ్మన్స్ రాసినది. అప్పటికే డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందం జాజ్ మెసెంజర్స్ కోసం 'మోనిన్' రాసి పేరు తెచ్చుకున్న మనిషి ఈయన. ఆ చర్చి వాసన ఇక్కడ మూడు మాత్రల వాల్ట్జ్ నడకలో వస్తుంది. నాలుగు మాత్రల స్వింగ్ ఏలుతున్న రోజుల్లో మూడు మాత్రల మీద జనం చేత చప్పట్లు కొట్టించడం తేలిక పని కాదు. ఈ ట్యూను ఆ పని చేసింది. తిశ్ర నడక అలవాటున్న చెవికి ఇందులోకి దిగడం చాలా సులువు: ఒకటి మీద బేస్, రెండు మూడు మీద పియానో ఎలా తిరిగి తగులుతుందో చూడండి.

వరస ఏమిటంటే ముందు ఆల్టో, తర్వాత కార్నెట్, తర్వాత పియానో. కానన్‌బాల్ బ్లూస్ పాదాల్ని పట్టుకుని, ఒక్కసారిగా రెట్టింపు వేగంలోకి దూకి, మళ్లీ అదే పాదం దగ్గరికి దిగుతాడు. నాట్ పొదుపు మనిషి. అన్న పది స్వరాలతో చెప్పింది మూడింటితో చెప్తాడు. ఇక టిమ్మన్స్ సోలో. ఒంటి చేతి వరసలతో మొదలై, చివరికి రెండు చేతులా గుత్తులుగా కార్డులు కొడుతూ గదిని లేపుతాడు. ఈ రికార్డు కొనడానికి ఆ ఒక్క భాగం చాలు అనేది మా లెక్క.

మిగతావి: కానన్‌బాల్ రాసిన 'స్పాంటేనియస్ కంబస్చన్', పొట్టిగా వేగంగా సాగే 'యూ గాట్ ఇట్!', రాండీ వెస్టన్ 'హై-ఫ్లై', ఆస్కార్ పెటిఫర్డ్ 'బొహీమియా ఆఫ్టర్ డార్క్'. చివరిది 1955లో కానన్‌బాల్‌కి పేరు తెచ్చిన క్లబ్బు మీద ఉన్న ట్యూనే. సీడీలో థెలోనియస్ మంక్ 'స్ట్రెయిట్, నో చేజర్' అదనంగా చేర్చారు.

లోపాలు? పెద్ద ట్యూన్లు మూడు వరసగా పది నిమిషాలు దాటతాయి. సోలో నిర్మాణం అలవాటు లేనివాళ్లు రెండో ట్యూను మధ్యలో దారి తప్పుతారు. జనం గోల బాగా వినబడుతుంది, హేస్ సింబల్ మోత కాస్త ముందుకొస్తుంది. రాత్రి పడుకునేముందు మెల్లగా పెట్టుకునే రికార్డు కాదిది. అయినా ఒక్కటే కొంటాం, ఇంకోటి కొనం అనేవాళ్లకి మేం చెప్పేది దీన్నే.

## ఎట్ ద లైట్‌హౌస్: తేటగా, బిగువుగా

టిమ్మన్స్ 1960లో బ్లేకీ దగ్గరికి తిరిగి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో కొంతకాలానికి వచ్చిన విక్టర్ ఫెల్డ్‌మన్ లండన్‌లో పుట్టినవాడు, వైబ్రఫోన్ వాద్యకారుడు కూడా. తర్వాత 1963లో మైల్స్ డేవిస్ రికార్డు చేసిన 'సెవెన్ స్టెప్స్ టు హెవెన్' రచనలో ఈయనకి భాగముంది. ఈయన పియానో కింద చర్చి పునాది పలచబడి, ఆ స్థానంలో లాటిన్ నడకా శుభ్రమైన వేళ్లూ వచ్చాయి.

లైట్‌హౌస్ లాస్ ఏంజెలెస్ దగ్గర హెర్మోసా బీచ్‌లో సముద్రం పక్కనే ఉన్న క్లబ్బు. రికార్డు చేసింది ఆదివారం నాడు. మొదటి ట్యూను 'శాక్ ఓ వో', కానన్‌బాల్ సొంతది: పిలుపూ బదులూగా కట్టిన ముఖడా (ట్యూను ఎత్తుగడ). శాన్ ఫ్రాన్సిస్కో వేడి అంతా ఇందులో ఉంది. ఆ తర్వాత రికార్డు దిశ మారుతుంది. ఫెల్డ్‌మన్ రాసిన 'అజూల్ సెరాపే', ట్రాంబోన్ వాద్యకారుడు ఫ్రాంక్ రొసోలినో రాసిన అందమైన వాల్ట్జ్ 'బ్లూ డానియెల్', జిమ్మీ హీత్ తన అన్న, బేస్ వాద్యకారుడు పెర్సీ పేరు మీద కట్టిన 'బిగ్ పి', టాడ్ డామెరాన్ 'అవర్ డిలైట్', కోల్ పోర్టర్ 'వాట్ ఈజ్ దిస్ థింగ్ కాల్డ్ లవ్?'. 'ఎక్సోడస్' అనే పేరు చూసి అదే ఏడాది వచ్చిన సినిమా సంగీతం అనుకోకండి. ఇది ఫెల్డ్‌మన్ సొంత ట్యూను.

ఇక్కడ ట్యూన్లు ఎక్కువ, రకాలు ఎక్కువ, ఒక్కోటి పొట్టి. బృందం ఏడాదిగా ఊళ్లు తిరిగి వాయించి ఉండడంతో ముఖడాలు కత్తిరించినట్టు పడతాయి. కానన్‌బాల్ వాయింపు ఎంత శుద్ధంగా ఉందో తెలుసుకోవాలంటే, శాక్సఫోన్ నేర్చుకునేవాళ్లకి మరీ ముఖ్యంగా, శాన్ ఫ్రాన్సిస్కో కంటే ఇదే మేలు. స్వరాలు రాసుకుంటూ వినాలంటే జనం గోల తక్కువుండాలి, బేస్ తెలియాలి. రెండూ ఇందులో ఉన్నాయి. 'బ్లూ డానియెల్' సోలోతో మొదలుపెడితే వేగం చేతికందుతుంది. 'వాట్ ఈజ్ దిస్ థింగ్'తో మొదలుపెడితే మొదటి కోరస్‌లోనే (కార్డుల వరస మొదటి చుట్టులోనే) చేతులెత్తేస్తారు.

పోగొట్టుకునేది: ఆ మొదటి రికార్డులోని అదుపు తప్పిన సంబరం. ఇది మర్యాదస్తుల ఇంటి విందు. బాగుంటుంది, చెమట పట్టదు.

## సెక్స్‌టెట్ ఇన్ న్యూయార్క్: కొత్త గొంతులు

1961 చివర యూసెఫ్ లతీఫ్ చేరాడు. టెనర్ శాక్సఫోన్‌తో పాటు ఫ్లూట్, ఓబో వాయించే మనిషి. అప్పటికే జావినుల్ పియానో దగ్గర ఉన్నాడు: వియన్నాలో పుట్టి, అమెరికాలో గాయని డైనా వాషింగ్టన్‌కి తోడు వాయించి, తర్వాతి కాలంలో వెదర్ రిపోర్ట్ బృందం పెట్టినవాడు. ఈ ఇద్దరి రాకతో హార్డ్ బాప్ గోడలు కాస్త పక్కకి జరిగాయి.

వేదిక విలేజ్ వాన్‌గార్డ్, గ్రీనిచ్ విలేజ్‌లో మెట్లు దిగి వెళ్లాల్సిన నేలమాళిగ. మొదటి ట్రాక్‌లో సంగీతమే ఉండదు, కానన్‌బాల్ ప్రసంగం. న్యూయార్క్ శ్రోతల్ని మెచ్చుకుంటూనే 'హిప్' (కొత్త పోకడలు తెలిసినవాళ్లు) అనిపించుకోవాలని తాపత్రయపడేవాళ్లకి ఒక చురక అంటిస్తాడు. తర్వాత జిమ్మీ హీత్ 'జెమిని', ఫ్లూట్‌తో మొదలై దాదాపు 12 నిమిషాలు. లతీఫ్ రాసిన 'ప్లానెట్ ఎర్త్', 'సిన్-ఆంథీషియా' రెండూ ఈ రికార్డుకి గుండెకాయలు. రెండోదాంట్లో ఓబో వస్తుంది. ఓబో, నాదస్వరం రెండూ జంట రీడ్ వాయిద్యాలే కాబట్టి మన చెవి దాన్ని ఇట్టే గుర్తుపడుతుంది. జాజ్‌లో దాన్ని వినడం మాత్రం కొత్తగా ఉంటుంది. ఎర్నీ విల్కిన్స్ 'డిజ్జీస్ బిజినెస్' బిగ్ బ్యాండ్ కోసం పుట్టిన ట్యూను. మూడు ఊదే వాయిద్యాలతో అంత బరువు ఎలా తెచ్చారో వినాలి. జావినుల్ 'స్కాచ్ అండ్ వాటర్' బ్లూస్, చివర 'కానన్స్ థీమ్' శామ్ జోన్స్‌ది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ముగ్గురు సోలోయిస్టులు, పైన పియానో; కానన్‌బాల్ వాటా తగ్గుతుంది. ఆల్టో కోసమే వచ్చినవాళ్లకి ఇది రెండో రికార్డు కావాలి, మొదటిది కాదు. లతీఫ్ సోలోలు కొన్నిచోట్ల కార్డుల్ని పక్కనపెట్టి ఒకే స్వరాల గుంపు మీద నిలబడతాయి. కర్ణాటక సంగీతం విని వచ్చేవాళ్లకి ఈ రికార్డే తలుపు తెరిచే అవకాశం ఎక్కువ అని మా నమ్మకం. జాజ్ వినే పాతకాపులు దీన్ని లైట్‌హౌస్ కంటే కింద పెడతారు, పెట్టనివ్వండి.

ఇదే సెక్స్‌టెట్ 1962 సెప్టెంబరులో మళ్లీ శాన్ ఫ్రాన్సిస్కో జాజ్ వర్క్‌షాప్‌కి వెళ్లి 'జాజ్ వర్క్‌షాప్ రివిజిటెడ్' చేసింది. నాట్ రాసిన 'ద జైవ్ సాంబా' అందులోదే. న్యూయార్క్ రికార్డు నచ్చితే ఆ తర్వాత వినాల్సింది అదే.

## నిప్పాన్ సోల్

క్లబ్బు కాదు, టోక్యోలోని కచేరీ హాలు. శ్రోతలు నిశ్శబ్దంగా విని ట్యూను అయ్యాక గట్టిగా చప్పట్లు కొట్టే రకం. 'ఈజీ టు లవ్' నాలుగు నిమిషాల లోపే, ఊపిరాడని వేగంతో, ఆల్టోయే మొత్తం. 'బ్రదర్ జాన్' లతీఫ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ పేరు మీద రాసినది. ఓబో మీద సుమారు 13 నిమిషాలు. డ్యూక్ ఎల్లింగ్టన్ 'కమ్ సండే' కూడా ఉంది. జనం గోల అసలు పడనివాళ్లకి ఇది సరిపోతుంది. క్లబ్బు వాతావరణం కోసం వెతికేవాళ్లకి అక్కర్లేదు.

## మెర్సీ, మెర్సీ, మెర్సీ!: అందరికీ తెలిసినది

మొదటిసారి కొనేవాళ్లలో ఎక్కువమంది చేతికి వచ్చేది ఇదే. కారణం టైటిల్ ట్యూను. జావినుల్ రాసి, ఎలక్ట్రిక్ పియానో మీద వాయించాడు. సింగిల్‌గా అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 11వ స్థానం దాకా వెళ్లింది. జాజ్ వాద్య సంగీతానికి అది అరుదైన సంగతి. రికార్డుకి గ్రామీ కూడా వచ్చింది.

అట్ట మీద 'లైవ్ ఎట్ ద క్లబ్' అని ఉంటుంది, చికాగోలోని క్లబ్బు. రికార్డు చేసింది మాత్రం హాలీవుడ్‌లో, కాపిటల్ స్టూడియోలో. నిర్మాత డేవిడ్ ఆక్సెల్‌రాడ్ శ్రోతల్ని పిలిపించి, మందు పోయించి, క్లబ్బు వాతావరణం కల్పించాడు. చికాగో క్లబ్బు నడిపే మనిషి కానన్‌బాల్‌కి స్నేహితుడు, రేడియో జాకీ. అట్ట మీది ఊరు ఆ స్నేహం కోసం. కేకలు అబద్ధం కాదు, జనం నిజంగానే ఉన్నారు. అయితే గది మాత్రం స్టూడియో గది. అందుకే ఈ అయిదింట్లో వాయిద్యాల పాళ్లు ఇందులోనే బాగా కుదిరాయి.

బేస్, డ్రమ్స్ మారాయి: విక్టర్ గాస్కిన్, రాయ్ మెక్‌కర్డీ. నాట్ రాసిన 'ఫన్', 'గేమ్స్' మంచి హార్డ్ బాప్. టైటిల్ ట్యూనులో మాత్రం సోలో అంటూ పెద్దగా లేదు, అయిదు నిమిషాల ముఖడా, అంతా ఎలక్ట్రిక్ పియానో మీద నడుస్తుంది. ఆల్టో వినాలని కొని ఆ ఒక్క ట్యూనే తిప్పితిప్పి వింటే కానన్‌బాల్ గురించి తెలిసేది తక్కువ. సోల్ సంగీతం, పాత సినిమా పాటల్లోని ఆర్గన్, ఎలక్ట్రిక్ కీబోర్డు ఇష్టపడేవాళ్లకి మాత్రం ఇంతకంటే తేలికైన మెట్టు లేదు.

## తేల్చుకోలేకపోతే ఒక పరీక్ష

'శాక్ ఓ వో' లైట్‌హౌస్‌లో మొదటి ట్యూను, మెర్సీలో చివరి ట్యూను. ఆరేళ్ల తేడా, రెండూ పది నిమిషాల పైనే. డబ్బు పెట్టేముందు ఈ రెండూ వెంటవెంటనే వినండి. 1960లో హేస్ రైడ్ సింబల్ మీద నడిపిస్తాడు, బేస్ మెట్లెక్కి దిగుతున్నట్టు నాలుగు మాత్రలూ కొడుతుంది. 1966లో మెక్‌కర్డీ బ్యాక్‌బీట్‌ని (రెండో, నాలుగో మాత్రల మీది దెబ్బని) గట్టిగా నిలబెడతాడు, జావినుల్ గుచ్చి గుచ్చి కొడతాడు, జనం కేకలు ముందుకొస్తాయి. మొదటిది నచ్చితే మీది హార్డ్ బాప్ చెవి: శాన్ ఫ్రాన్సిస్కో, లైట్‌హౌస్ రెండూ మీవే. రెండోది నచ్చితే మెర్సీ తీసుకోండి, తర్వాత వెనక్కి రండి. రెండూ ఒకేలా అనిపిస్తే మాత్రం న్యూయార్క్ వినండి. మీ చెవి గొంతుల రంగు కోసం చూస్తోంది, లయ కోసం కాదు.

సోలోల మధ్య దారి తప్పేవాళ్లకి ఒక చిట్కా. ఆల్టోని వదిలేసి శామ్ జోన్స్ బేస్‌ని పట్టుకోండి. బ్లూస్ ట్యూన్లలో నాలుగు మాత్రల బార్లు 12 అయ్యేసరికి వరస మళ్లీ మొదటికొస్తుంది. రెండు మూడు ఆవర్తాలు లెక్కపెడితే సోలో ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ కావాలని గీత దాటుతుందో తెలిసిపోతుంది. ఈ పని ఫోను స్పీకరు మీద కుదరదు. అందులో బేస్ దాదాపు వినబడదు, మిగిలేది శాక్సఫోన్ రొద, సింబల్ చప్పుడు. హార్డ్ బాప్ గోలగోలగా ఉందని పక్కనపెట్టేవాళ్లలో చాలామంది విన్నది ఆ సగమే.

హెడ్‌ఫోన్లతో మరో చిక్కు. 1959–60 నాటి స్టీరియోలో వాయిద్యాల్ని చెరో పక్కకీ గట్టిగా విడదీయడం మామూలే. ఒక చెవిలో డ్రమ్స్, మరో చెవిలో కార్నెట్ అన్నట్టుంటే తల బరువెక్కుతుంది. ఫోను సెట్టింగుల్లో మోనో ఆడియో అని ఉంటుంది, అది ఆన్ చేసి చూడండి. షఫుల్ మాత్రం ఆపేయాలి: మాటలు వేరే ట్రాక్‌గా ఉన్నచోట ప్రకటన ఒకటి, తర్వాత వచ్చే ట్యూను ఇంకొకటి అవుతుంది.

## ఏ ప్రతి కొనాలి

పాత ఎల్పీ కొనేవాళ్లు నంబరు చూసుకోవాలి. రివర్‌సైడ్ కంపెనీ మోనో ప్రతులు: శాన్ ఫ్రాన్సిస్కో ఆర్‌ఎల్‌పీ 311, లైట్‌హౌస్ 344, న్యూయార్క్ 404, నిప్పాన్ సోల్ 477. చివరి మూడింటి స్టీరియో ప్రతుల నంబరు ముందు 9 చేరుతుంది: 9344, 9404, 9477. మెర్సీ కాపిటల్ కంపెనీ మీద 2663. ముందు టి ఉంటే మోనో, ఎస్‌టి ఉంటే స్టీరియో. ఇవన్నీ పార్టీల్లో అరగదీసిన రికార్డులు. మొదటి పక్క మొదటి ట్యూనే ఎక్కువ అరిగి ఉంటుంది కాబట్టి అమ్మేవాళ్లని అక్కడ ఒక నిమిషం వినిపించమనండి. బేస్ సోలో వచ్చేచోట గరగర ఎంతుందో కూడా అడగండి. జనం గోలలో దాగే గీతలు అక్కడ బయటపడతాయి.

మొదటి ముద్రణల మోజు లేకపోతే ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ అనే పునర్ముద్రణల వరసలో వచ్చినవి చాలు. శాన్ ఫ్రాన్సిస్కో అందులో 35వ నంబరు, న్యూయార్క్ 142, నిప్పాన్ సోల్ 435. లైట్‌హౌస్, జాజ్ వర్క్‌షాప్ రివిజిటెడ్ మాత్రం 1980ల్లో వీటి అసలు నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ సొంత లేబుల్ ల్యాండ్‌మార్క్ మీద వచ్చాయి. అవి ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ వరసలో దొరకలేదని కంగారు పడకండి.

రెండు ఎల్పీలు ఒకే సీడీలో కూర్చి చవగ్గా అమ్మేవి జాగ్రత్త. అసలు టేపు కాకుండా ఎల్పీ నుంచి దింపినవి ఉంటాయి. చోటు చాలక మాటలు కత్తిరించినవీ ఉంటాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో 'దిస్ హియర్' ముందు మాటలు లేకపోతే ఆ ప్రతి వద్దు. స్ట్రీమింగ్‌లో వెతికేటప్పుడు ఏడాది, క్లబ్బు పేరు రెండూ సరిచూసుకోండి. ఒకే ట్యూను అరడజను లైవ్ రూపాల్లో ఉంటుంది, అట్ట బొమ్మ ఒకటి, లోపల ధ్వని మరొకటి అయిన సంకలనాలు తక్కువేం కాదు.

## కానన్‌బాల్ గొంతు మరీ తీపి అనిపిస్తే

కొందరికి అనిపిస్తుంది, అందులో తప్పేం లేదు. చార్లెస్ మెక్‌ఫర్సన్ 1966 అక్టోబరు 13న న్యూయార్క్ ఫైవ్ స్పాట్ క్లబ్బులో ప్రెస్టీజ్ కంపెనీ కోసం చేసిన లైవ్ రికార్డు వినండి. పియానో బారీ హారిస్, డ్రమ్స్ బిల్లీ హిగ్గిన్స్, ట్రంపెట్ లానీ హిల్యర్. బీబాప్ ఆల్టో వాద్యకారుడు చార్లీ పార్కర్ దారికి దగ్గరగా, పదునుగా, చర్చి వాసన తక్కువగా ఉంటుంది. 'ద వైపర్' అనే ట్యూను ఒక్కటే సోల్ వైపు మొగ్గుతుంది.

మరో ఆల్టో వాద్యకారుడు జాకీ మెక్‌లీన్ గొంతు పుల్లగా, శ్రుతికి రవ్వంత పైన నిలబడుతుంది. కొందరికి అదే ప్రాణం, కొందరికి పంటి కింద రాయి. ఆయన 1966లో బాల్టిమోర్‌లో వాయించినది తర్వాత 'డాక్టర్ జాకిల్' పేరుతో స్టీపుల్‌చేజ్ కంపెనీ విడుదల చేసింది. వాయింపు భగ్గుమంటుంది, ధ్వని నాసి. ఆయన స్టూడియో రికార్డులు విని గొంతు అలవాటయ్యాకే అటు వెళ్లాలి.

ఆర్ట్ పెప్పర్ 1977 జులై 28 నుంచి 30 దాకా విలేజ్ వాన్‌గార్డ్‌లో వాయించినవి వేరే లోకం. పియానో జార్జ్ కేబుల్స్, బేస్ జార్జ్ మ్రాజ్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. పక్కన మరో ఊదే వాయిద్యం లేదు, భారమంతా ఆల్టో మీదే. మూడు రాత్రుల వాయింపు మొత్తం తొమ్మిది సీడీల పెట్టెగా కూడా వచ్చింది. దాని జోలికి ముందే పోకండి. గురు, శుక్ర, శనివారాల పేర్లతో విడివిడిగా వచ్చిన రికార్డుల్లో ఏదో ఒకటి తీసుకుని, అది అరిగేదాకా విన్నాక పెట్టె సంగతి ఆలోచించవచ్చు.